సున్నా క్రెడిట్ల పాఠం

మా ఇంజనీరింగ్ రెండో సంవత్సరం టైంటేబుల్లో ఒక విచిత్రమైన గడి ఉండేది. వారానికోసారి, మధ్యాహ్నం పూట, 'జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్'. క్రెడిట్లు 0. ల్యాబ్ అంటే కంప్యూటర్లో, మీటర్లో, కనీసం నాలుగు వైర్లో ఉండాలి కదా. దీనికి అవేవీ లేవు. ఒక పుస్తకం మాత్రం ఉంది: 'టువర్డ్స్ ఎ వరల్డ్ ఆఫ్ ఈక్వల్స్'. ఇంగ్లీషు, తెలుగు రెండు భాషల్లోనూ ఉన్న పాఠ్యపుస్తకం. 2015లో తెలుగు అకాడమీ వేసింది. సూసీ తారు, గోగు శ్యామల, దుగ్గిరాల వసంత, వసుధా నాగరాజ్ లాంటివాళ్ళు కలిసి తయారు చేశారు. మా కాలేజీలో దాన్ని సెమిస్టర్ మొత్తంలో తెరిచింది మూడుసార్లు. మిగిలిన వారాల్లో ఆ టైమంతా వేరే సబ్జెక్టుల రికార్డులు రాసుకున్నాం. నా రూమ్మేట్ రాసేది, నేను కాపీ కొట్టేదాన్ని.

అది 2017. అదే సెమిస్టర్లో, ఆగస్టు 25న, 'అర్జున్ రెడ్డి' వచ్చింది. దాన్ని మాత్రం మా హాస్టల్లో దాదాపు ఎవరూ మిస్ కాలేదు. కొందరు రెండుసార్లు చూశారు. నేను రెండుసార్లు చూసిన బ్యాచ్.

ఈమధ్య ఇల్లు మారుతుంటే అట్టపెట్టెలో ఆ పుస్తకం దొరికింది. దాదాపు కొత్తదే. అన్ప్యాక్ చేయాల్సిన సామాను వదిలేసి నేలమీద కూర్చుని చదివాను. ఆ వారాంతంలోనే 'అర్జున్ రెడ్డి' మళ్ళీ చూశాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. కాలేజీ అమ్మాయిలకి లైంగిక హింస గురించి ఉండే అభిప్రాయాలు ఎక్కడినుంచి వస్తాయి, మారితే దేనివల్ల మారతాయి అనే ప్రశ్నకి నా దగ్గర ఉన్న సాక్ష్యాలు ఇవే: చదవని పాఠం ఒకటి, కంఠతా వచ్చిన సినిమా ఒకటి. ఇంకొక సాక్ష్యం కూడా ఉంది. అది నేనే. దాని దగ్గరికి వస్తాను.

*

ముందు సినిమా.

'అర్జున్ రెడ్డి'లో రెండు ముట్టుకోవడాలున్నాయి. మొదటిది, మెడికల్ కాలేజీలో ఫస్టియర్ అమ్మాయి ప్రీతిని సీనియర్ అర్జున్ ముద్దు పెట్టుకోవడం. అంతకుముందే వాళ్ళ క్లాసుకెళ్ళి ఆ అమ్మాయి నాది అని మిగతా మగపిల్లలకి ప్రకటించి ఉంటాడు. ఏ బెంచీలో కూర్చోవాలో, పక్కన ఎవరుండాలో కూడా అతనే నిర్ణయిస్తాడు. ఆమెని ఎవరూ ఏమీ అడగరు. అసలు ఆమె గొంతు మనకి వినబడటానికే చాలాసేపు పడుతుంది. రెండోది, హోలీ రోజు వేరే కాలేజీ కుర్రాడు రంగులు పూసే వంకతో ప్రీతి ఒంటిమీద చెయ్యి వేయడం. మొదటిదానికి సినిమా మంచి నేపథ్య సంగీతం ఇచ్చింది. రెండోదానికి అర్జున్ పిడికిళ్ళు ఇచ్చింది.

ఆమె వైపు నుంచి చూస్తే ఈ రెండింట్లో ఒక పోలిక ఉంది. రెండుసార్లూ ఎవరూ ఆమె ఇష్టం కనుక్కోలేదు. తేడా అంతా చేసినవాడు ఎవడన్నదాంట్లోనే ఉంది. హీరో అయితే ప్రేమ, ఇంకొకడైతే నేరం. మేం హాస్టల్లో నేర్చుకున్న వ్యాకరణం ఇదే. ఫలానా పని హింసా కాదా అన్నది పనిని బట్టి కాదు, కర్తని బట్టి తేలుతుంది.

ఇది ఆ ఒక్క దర్శకుడి పుణ్యం కాదు. 2004లో వచ్చిన 'ఆర్య'లో కాలేజీ అమ్మాయి గీత, అజయ్‌కి ఐ లవ్యూ చెప్పేది అతను చచ్చిపోతానని బెదిరించినందుకు. ప్రేమ మొదలైంది బెదిరింపుతో. కానీ అక్కణ్ణించి ఆ సినిమా పట్టించుకున్న ప్రశ్న ఒక్కటే: ఇద్దరబ్బాయిల్లో ఎవరి ప్రేమ గొప్పది? మూడో మనిషి భయం సంగతి కథలోంచి జారిపోయింది. మనమూ అడగలేదు.

ఇక్కడో పేచీ ఉంది. సినిమాలు చూసి పిల్లలు చెడిపోతున్నారు అనేది మా హాస్టల్ వార్డెన్ మేడమ్ వాదన కూడా. ఆ వాదనతో నాకు పొత్తు కుదరదు. ఇదే సినిమా విడుదలకి ముందు ఒక సీనియర్ రాజకీయ నాయకుడు హైదరాబాదులో సిటీ బస్సు మీద అంటించిన పోస్టర్ చింపారు. గుర్తుందా? ఆ పోస్టర్లో ఉన్నది హీరో హీరోయిన్లు ఇద్దరూ ఇష్టపడి పెట్టుకుంటున్న ముద్దు. ఇష్టంలేని ముద్దు సినిమా లోపల ఉంది. దాని గురించి ఆయన ఏమీ అనలేదు. పెద్దవాళ్ళ అభ్యంతరం ముద్దు మీద, అనుమతి లేకపోవడం మీద కాదు. అంటే, సినిమాని తిట్టినవాళ్ళూ సినిమా తీసినవాళ్ళూ ఒక విషయంలో ఏకాభిప్రాయంతోనే ఉన్నారు. ఆ అమ్మాయి ఏమనుకుంటోంది అన్నది ఇద్దరికీ అవసరం లేదు.

మరి మేమెందుకు రెండుసార్లు చూశాం? మోసపోయాం అనేస్తే తేలిక. కానీ అది నిజం కాదు. మా క్యాంపస్‌లో ఒక లెక్క నడిచేది. ఒకడి 'పిల్ల' అని పేరుపడితే మిగతావాళ్ళు జోలికి రారు. ఒంటరిగా ఉంటే బస్టాపులో పదిమంది, ఎవరితోనైనా ఉంటే ఆ ఒక్కడు. పదిమంది కంటే ఒక్కడు నయం కదా. అర్జున్ రెడ్డి మాకు కలల రాకుమారుడేం కాదు, ఇన్సూరెన్స్ పాలసీ. ప్రీమియం ఎంత కట్టాలో పాలసీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సినిమాలో ఆ చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి. అర్జున్ ప్రీతి చెంప పగలగొట్టిన సీనులో థియేటర్లో మా వరుసలో ఎవరూ ఏమీ అనలేదు. బయటికొచ్చాక ఒకమ్మాయి "అంత ప్రేమ ఉంటే అంత కోపం ఉంటది" అంది. మేం తలూపాం.

*

సినిమా తర్వాత మాటలు. ఎందుకంటే సినిమా అయిపోయాక మనతో ఇంటికొచ్చేవి మాటలే.

లైంగిక హింసకి తెలుగులో మనకి దొరికిన మాటలు చూడండి. 'మానభంగం'. భంగపడింది మానం. ఎవరి మానం? ఆమెది. దాడి చేసినవాడి మానానికి ఏమీ కాలేదు. 'పాడు చేశాడు' అంటాం. కూర పాడైనట్టు అమ్మాయి పాడవుతుంది. ఇక పనికిరాదని అర్థం. రోడ్డుమీద వెంటపడితే 'ఏడిపిస్తున్నారు' అంటాం. అన్న చెల్లెల్ని ఏడిపించినా అదే మాట, అపరిచితుడు బస్సులో నడుం గిల్లినా అదే మాట. కత్తితో వచ్చినవాడికి పత్రికలు పెట్టిన పేరు 'ప్రేమోన్మాది'. గొంతు కోసినా సరే వాడి బిరుదులోంచి ప్రేమ అనే మాట పోదు. చివరిగా 'మృగాడు'. మగాడు అనే మాటలోకి మృగాన్ని దూర్చి సబ్ఎడిటర్లు తయారు చేసుకున్న మాట. హెడ్డింగుకి బాగా అతుకుతుంది.

నా ఉద్దేశంలో వీటిల్లో ఎక్కువ నష్టం చేసింది ఈ చివరిదే. పైకి చూస్తే బాధితురాలి పక్షాన కోపంతో పుట్టిన మాటలా ఉంటుంది. కానీ హింస చేసేవాడు మృగం అయితే, మన క్లాస్‌మేట్ మృగం కాదు. రికార్డు అడిగి తీసుకుంటాడు, క్యాంటీన్లో బిల్లు కడతాడు, అమ్మకి రోజూ ఫోన్ చేస్తాడు. మృగం కానివాడు చేసింది కాబట్టి, అది అది కాదు. ఇంకేదో.

నా రూమ్మేట్ వాడిన మాట కూడా అదే. "ఏదో అయిందే."

మూడో సంవత్సరంలో ఒక శనివారం. క్లాస్‌మేట్ పుట్టినరోజని నలుగురైదుగురు కలిసి ఒకడి ఫ్లాటుకి వెళ్ళారు. మిగతావాళ్ళు కేకు, కూల్‌డ్రింకులు అని కిందికి దిగినప్పుడు ఆమె, మాకు బాగా తెలిసిన ఒకబ్బాయి మిగిలారు. ఆమె వద్దంది. అతను వినలేదు. రాత్రి ఎనిమిదికి ముందే వచ్చేసింది. గేటు రిజిస్టర్లో టైము కూడా సరిగ్గా రాసింది. మంచంమీద కూర్చుని చాలాసేపటికి "ఏదో అయిందే" అంది. అంతకంటే వివరం ఆమె చెప్పలేదు, నేనిక్కడ చెప్పను. చెప్పాల్సింది నా గురించి. ఆ మాట విన్నాక నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న:

"నువ్వెందుకు పోయినవే?"

అప్పటికి నేను జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ పాసైన విద్యార్థినిని.

ఆ ప్రశ్న ఎక్కణ్ణించి వచ్చిందని చాలాసార్లు ఆలోచించాను. ఆమె మీద కోపంతో కాదు. నాకున్న భయంతో. ఆమె వెళ్ళడం వల్లే జరిగిందైతే, వెళ్ళకుండా ఉన్న నాకు జరగదు. ఆమె చేసిన తప్పేదో కనిపెడితే ఆ తప్పు చేయకుండా నేను బతికిపోవచ్చు. లోకంలో ఎవరికి తగ్గది వాళ్ళకి జరుగుతుందని నమ్మాలనుకునే ఈ అవసరం గురించి మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లోనే ఒక పుస్తకం రాశాడు. ఆడవాళ్ళే ఆడవాళ్ళని తప్పుపడతారు, ఆడదానికి ఆడదే శత్రువు అని మనం తేలిగ్గా అనేసే చోట చాలావరకు ఉండేది ఇదే. అది శత్రుత్వం కాదు. తాయెత్తు లాంటిది. ఎదుటి మనిషి గాయంలోంచి మనం తీసి కట్టుకునే తాయెత్తు.

ఆ "ఏదో" కూడా మా ఒక్క గదిదే కాదు. 1987లో మేరీ కాస్ బృందం అమెరికాలో 32 విద్యాసంస్థల్లో ఆరువేల మందికి పైగా విద్యార్థులతో సర్వే చేసింది. చట్టం ప్రకారం అత్యాచారం అనదగ్గ అనుభవం ఉన్న అమ్మాయిల్లో దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు 27 శాతమే. మిగతావాళ్ళకి అది పొరపాటు, గొడవ, లేదా 'ఏదో'. మన దేశంలో 2021లో నమోదైన అత్యాచారం కేసుల్లో 96 శాతానికి పైగా నిందితుడు ఆమెకి తెలిసినవాడే అని జాతీయ నేర గణాంకాలు చెప్తున్నాయి. నమోదైనవే అవి. అంటే మన భాషలో మృగానికి పేరుంది, హీరోకి పేరుంది. లెక్కల్లో ఎక్కువగా కనబడే మనిషికి మాత్రం పేరు లేదు.

చట్టం ఈ విషయంలో మాకంటే ముందుంది. 2013 సవరణ తర్వాత, శరీరంతో ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని స్పష్టంగా రాసి ఉంది. మా గదిలో ఆ రాత్రి మేమిద్దరం దాదాపు ఇంజనీర్లం. ఆ వాక్యం ఇద్దరికీ తెలీదు.

*

ఇప్పుడు పుస్తకం.

నిజాయితీగా చెప్పాలంటే ఇది పాఠ్యపుస్తకాల్లో అరుదైన పుస్తకం. ఉపదేశం తక్కువ, చదవాల్సిన రచనలు ఎక్కువ. లైంగిక వేధింపుల యూనిట్‌లో 'ఈవ్ టీజింగ్ కాదు, వేధింపు' అని మాట మార్చడంతోనే పాఠం మొదలవుతుంది. మాట మార్చడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దాని వెనక చాలా చరిత్ర ఉంది. 1974లో ఉస్మానియా విద్యార్థినులు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ పెట్టుకున్నప్పుడు వాళ్ళు మొదట పట్టుకున్న సమస్యల్లో క్యాంపస్‌లో, బస్సుల్లో ఈ 'ఏడిపించడం' ఒకటి. మాకంటే నలభై ఏళ్ళ ముందు, మా ఊళ్ళోనే, మా వయసువాళ్ళే. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

అదే యూనిట్ చివర అదనంగా చదువుకోమని ఇచ్చింది జయప్రభ 'చూపులు'. ఇంజనీరింగ్ సిలబస్‌లో తెలుగు స్త్రీవాద కవిత! మాకు ఎవరైనా ఆ ఒక్క కవిత పైకి చదివి వినిపించి ఉంటే చాలనిపిస్తుంది. ఆ కవిత చేసిన పెద్ద పని దిశ మార్చడం. అప్పటిదాకా చూపు ఒకవైపు నుంచే ఉండేది. వాడు చూస్తాడు, ఆమె తలొంచుకుంటుంది. ఈ కవితలో ఆమె తిరిగి చూస్తుంది. తప్పు ఎవరిదో తేల్చడానికి ఆమె ఏ బట్టలేసుకుంది, ఎటు వెళ్తోంది అన్న వివరాలు కవితలో అవసరం పడవు. చూసేవాడి కళ్ళ దగ్గరే విచారణ మొదలై అక్కడే ముగుస్తుంది. నేనడిగిన ప్రశ్నకి ఆ కవితలో చోటే లేదు.

లైంగిక హింస యూనిట్‌లో ఉన్నది సోహైలా అబ్దులాలి అనుభవం. 1980లో బొంబాయిలో, పదిహేడేళ్ళప్పుడు, ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. మూడేళ్ళ తర్వాత 'మానుషి' పత్రికలో సొంత పేరుతో దాని గురించి రాసింది. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత ఆ పాత వ్యాసం మళ్ళీ జనంలోకి వస్తే, ఆమె ఇంకో వ్యాసం రాసింది. గాయపడింది నేను, నా పరువు కాదు అన్నది దాని సారాంశం. 'మానభంగం' అనే మాటకి ఇంతకంటే సూటైన జవాబు నేను చదవలేదు. ఆమె రాసిందాంట్లో నాకు నచ్చేది బతికి బయటపడటం గురించిన ఆ మొండి గర్వం. మన తెలుగు సినిమాలో అత్యాచారం జరిగిన అమ్మాయికి రెండే దారులు. చావడం, లేదా కాళికాదేవి కావడం. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో విజయశాంతి పాత్ర ఝాన్సీ కాలేజీ లెక్చరర్. నడివీధిలో గూండా ఆమె బట్టలు విప్పేస్తాడు. మర్నాడు విద్యార్థులు బ్లాక్‌బోర్డు మీద ఆమె బొమ్మ గీస్తారు. ఆ క్లాస్‌రూమ్ సీను ఇప్పటికీ వణికిస్తుంది. ఎందుకంటే అక్కడ నేరస్తులు గూండాలు కాదు, మామూలు స్టూడెంట్స్. కానీ సినిమా వాళ్ళని ఒక పాటతో మార్చేసి, గొడ్డలిని గూండా కోసం దాచిపెట్టింది. గొడ్డలి పట్టే ఓపిక లేని అమ్మాయిలు, సోమవారం పొద్దున అదే క్లాసులో అదే అబ్బాయి వెనక బెంచీలో కూర్చోవాల్సిన అమ్మాయిలు ఏం చేయాలి? సోహైలా లాంటివాళ్ళ రచనలు మొదటిసారి ఇచ్చిన జవాబు: బతకొచ్చు. మామూలుగా కూడా బతకొచ్చు.

అయినా పుస్తకంతో నాకు రెండు పేచీలున్నాయి.

ఒకటి, ఆ వేధింపుల యూనిట్ శీర్షిక 'సే నో!' అంటుంది. ఆశ్చర్యార్థకంతో సహా. వద్దని చెప్పు. మంచిదే. కానీ మళ్ళీ పని అమ్మాయికే పడింది. నా రూమ్మేట్ వద్దనే చెప్పింది. వినడం ఎవరి సిలబస్? మా క్లాసులో అరవైమందిలో నలభైమంది అబ్బాయిలు. వాళ్ళకీ అదే పుస్తకం ఇచ్చారు. 'నో' అనడం గురించిన శీర్షిక చూసి వెనక బెంచీల్లో ఒకళ్ళ మోచేతులు ఒకళ్ళు పొడుచుకున్నారు. పాఠం తమ గురించి అని వాళ్ళకి అనిపించలేదు. ఇదే లోపం 2021లో వచ్చిన 'వకీల్ సాబ్'లో ఇంకా పెద్దదైంది. హిందీ 'పింక్' మూలంలో కథ ముగ్గురు అమ్మాయిలది. తెలుగులోకి వచ్చేసరికి లాయర్ హీరోకి ఫ్లాష్‌బ్యాకూ ఫైట్లూ కలిసి, వద్దు అనే మాటకి కూడా ఒక మగ గొంతు కావాల్సొచ్చింది. ఈలలు పడింది ఆ గొంతుకే. అమ్మాయి అన్న 'వద్దు'కి ఎప్పుడు ఈల పడుతుందో.

రెండోది, ఆ యూనిట్‌లో ప్రధాన పాఠంగా ఎంచుకున్నది అపరిచితులు చేసిన దాడి. అది అవసరమైన రచనే. కానీ మా గదిలో జరిగిన 'ఏదో' దానిలో ఇమడదు. ఆ వ్యాసం ఆ రాత్రికి ముందే చదివి ఉంటే కూడా, నా రూమ్మేట్ తనకి జరిగింది అదేనని గుర్తుపట్టి ఉండేదా అని నాకు అనుమానం. కత్తి లేదు, చీకటి లేదు, తెలియని ముఖం లేదు. బర్త్‌డే కేకు ఉంది.

*

2019 డిసెంబర్ 6 పొద్దున మేం ఫైనలియర్‌లో ఉన్నాం. అంతకు తొమ్మిది రోజుల ముందు, నవంబర్ 27 రాత్రి, శంషాబాద్ టోల్‌ప్లాజా దగ్గర ఒక యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపేశారు. 'దిశ' అని పోలీసులు పేరు పెట్టారు. చెల్లెలికి ఫోన్ చేసే బదులు 100కి చేసి ఉండాల్సింది అని అప్పటి రాష్ట్ర హోం మంత్రి అన్నారు. నేనడిగిన ప్రశ్నే, ఇంకొంచెం పెద్ద కుర్చీలోంచి. మా హాస్టల్లో గేటు మూసే టైము ఎనిమిది నుంచి ఆరున్నరకి వచ్చింది. భద్రత వంకతో ఆడపిల్లల హాస్టళ్ళకి మగపిల్లలకి లేని ఆంక్షలు పెట్టకూడదని 2015 యూజీసీ నిబంధనల్లోనే ఉంది. అదీ మాకెవరూ చెప్పలేదు.

ఆ పొద్దున నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారని తెలిసింది. కాలేజీ బస్సు కిటికీల్లోంచి అమ్మాయిలు పోలీసులకి చేతులూపుతూ కేకలు వేసిన వీడియో మీరు చూసే ఉంటారు. మా బస్సులోనూ కేకలు వేశారు. నేనూ వేశాను. నా రూమ్మేట్ వేయలేదు. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంది. ఆమె ఎందుకు అరవలేదని నేనడగలేదు. అప్పటికి నాకు తట్టలేదు కూడా.

ఇప్పుడు తడుతోంది. ఆ నలుగురూ మాకు సరిగ్గా సరిపోయిన మృగాలు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు. మా క్లాసులో కూర్చునేవాళ్ళు కాదు. వాళ్ళని ద్వేషించడానికి మాకు ఏ ఖర్చూ లేదు. ఎన్నాళ్ళనుంచో బస్టాపుల్లో, ఫ్లాట్లలో, ఇళ్ళల్లో మింగేసిన కోపమంతా ఒక్క పొద్దున వాళ్ళమీద కక్కేశాం. ఎవరిమీద రావాల్సిన కోపమో వాళ్ళు క్షేమంగా అదే బస్సులో మా వెనక సీట్లలో కూర్చుని మాతోపాటే చప్పట్లు కొట్టారు. 2022లో బయటికొచ్చిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిపారని తేల్చింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. అప్పటికి మా చప్పట్ల చప్పుడు చల్లారిపోయింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకొకటి. 'దిశ'కి మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీని అత్యాచారం చేసి చంపేశారు. 'సమత' అని ఆమెకి పేరు పెట్టారు. ఆ కేసులో కోర్టు విచారణ జరిగి, 2020 జనవరి 30న ముగ్గురికి శిక్ష పడింది. మా బస్సులో ఆ పేరు ఒక్కరోజు కూడా వినబడలేదు. ఎందుకు? చదువుకున్న, ఉద్యోగం చేసే, స్కూటీ మీద వెళ్ళే అమ్మాయిలో మమ్మల్ని మేం చూసుకున్నాం. తలమీద గంప పెట్టుకున్న మనిషిలో చూసుకోలేదు. మా సానుభూతికి కూడా గేటు రిజిస్టర్ ఉంది.

పుస్తకంలో అదే యూనిట్ చివర హింసకి కులం ముఖం గురించిన ఒక పాఠం ఉంది. అదనపు పఠనంగా. సున్నా క్రెడిట్ల కోర్సులో అదనపు పఠనం ఎవరు చదువుతారు? నా ప్రతిలో ఆ పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. దాన్ని చదివి ఉంటే ఆ పొద్దున అరవకుండా ఉండేదాన్నని చెప్పను. కనీసం ఇంకో పేరు కూడా అడిగి ఉండేదాన్నేమో.

*

మా అమ్మ ఫోన్ పెట్టేసేముందు ఇప్పటికీ "జాగ్రత్త బిడ్డా" అంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యని కొట్టడం ఏదో ఒక కారణానికి సబబే అన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. ఈ అంకె చూసి మన నగర మిత్రులు తలలు పట్టుకుంటారు. ఎంత వెనకబాటు అంటారు. నేను అట్లా అనలేను. ఆ సర్వేలో మా అమ్మనీ అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలుసు. నమ్మకంతో కాదు, అలవాటైన జాగ్రత్తతో చెప్పేది. మారదు అని రూఢి అయినదాన్ని సబబే అనుకుంటే రోజు గడుస్తుంది. ఆ జాగ్రత్తే నాకు వారసత్వంగా వచ్చింది. నేను దాన్ని నా రూమ్మేట్‌కి ప్రశ్న రూపంలో అందించాను.

కాబట్టి కాలేజీ అమ్మాయిలకి అవగాహన లేదు, సెమినార్ పెట్టండి అనేవాళ్ళతో నాకు పూర్తిగా ఒప్పుదల కుదరదు. మాకు అవగాహన చాలానే ఉంది. ఏ బస్సు ఎక్కాలో, ఏ లెక్చరర్ గదికి ఒంటరిగా వెళ్ళకూడదో, చున్నీ ఎక్కడ పిన్ను పెట్టాలో మాకు తెలిసినంత ఎవరికి తెలుసు? లేనిది మాటలు. తెలిసినవాడు చేసినదాన్ని చెప్పడానికి కావాల్సిన మాటలు, ఆ మాట విన్నప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న. అవి సాహిత్యంలో ఉన్నాయి. మా బ్యాగుల్లోనే ఉన్నాయి. ఏకంగా సిలబస్‌లో ఉన్నాయి. వాటికి సున్నా ఇచ్చి, మిగతాదంతా సినిమాకి వదిలేశారు.

పుస్తకం దొరికిన రోజు 'చూపులు' ఉన్న పేజీ ఫోటో తీసి నా రూమ్మేట్‌కి పంపాను. ఇప్పుడు బెంగుళూరులో ఉంటుంది. "ఇది మన సిలబసా? నిజంగానా?" అని నవ్వే బొమ్మలు పెట్టింది. కాసేపాగి నేనే రాశాను: ఆ రోజు నేను ముందు అడగాల్సింది అది కాదే.

చాలాసేపు రెండు నీలం టిక్కులు అట్లాగే ఉన్నాయి. తర్వాత ఫోన్ చేసింది. ఆఫీసు గురించి, ఇంటి అద్దె గురించి మాట్లాడింది. పెట్టేసేముందు అంది.

"మరి ఏం అడగాల్సింది?"

"నువ్వు తిన్నవా అని," అన్నాను. "తర్వాత, నేనేం చెయ్యాలె అని."

"ఊఁ," అంది. "ఇప్పుడడుగు."

అడిగాను. ఆ తర్వాత గంటన్నర ఆమె మాట్లాడింది. ఆ సంగతులు ఆమెవి. నేను విన్నాను, అంతే. ల్యాబ్‌లో నేను చేసిన మొదటి ప్రయోగం అదే అనుకుంటాను.